స్విమ్మింగ్‌పూల్ రాముడు

మా ఊళ్లో రాముళ్లకు కొదవ లేదు. పాల రాముడు, కిళ్లీకొట్టు రాముడు, పొట్టి రాముడు ఇలా ప్రతివాడికీ ఒక గుర్తు తగిలించకపోతే పిలిచింది ఒకణ్ణీ, పలికేది ఇంకొకడూ అవుతారు. ఈ రాముణ్ణి నిరుటి దాకా చెరువు రాముడు అనేవారు. ఇప్పుడు స్విమ్మింగ్‌పూల్ రాముడు అంటున్నారు. ఆ పేరు రావడానికి కారణం మా పెరడు, అందులో మా మామగారు కట్టించిన స్విమ్మింగ్‌పూల్, దాన్ని పట్టుకుని ఏడాదిపాటు అతను పడ్డ పాట్లు. ఆ పాట్లలో సగం నేను పెట్టినవే కాబట్టి ఈ సంగతి నేనే చెప్పడం న్యాయం. నా పేరు నాగవల్లి. భీమవరానికి ఏడు కిలోమీటర్ల దూరంలో మా ఊరు.

ముందు ఆ పూల్ గురించి చెప్పాలి. చుట్టుపక్కల వరిచేలన్నీ తవ్వి రొయ్యల చెరువులు చేసిన తొలిరోజుల్లో, టైగర్ రొయ్య అందర్నీ ఒక ఊపు ఊపింది. ఎవరి సరదా వాళ్లు తీర్చుకున్నారు. ఒకాయన కారు కొన్నారు, ఒకాయన మేడ మీద మేడ వేశారు. మా మామగారు మాధవరాజుగారు మాత్రం ఎక్కడో హోటల్లో చూసొచ్చి స్విమ్మింగ్‌పూల్ కట్టించారు. నలభై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు, నీలం టైల్స్, ఒక కొస మూడడుగుల లోతు, ఇంకో కొస ఏడడుగులు. మొదటి రోజు ఊరంతా చూస్తుండగా ఆయన బనీనుతో, ఎగ్గట్టిన లుంగీతో దిగి రెండు మునకలు వేసి, నీళ్లు ఆస్పత్రి వాసన వేస్తున్నాయని పైకి వచ్చేశారట. మళ్లీ దిగలేదు. ఆడవాళ్లు దిగే ప్రశ్నే లేదు. గట్టున కూర్చుని పాదాలు తడుపుకోవడమే గొప్ప.

తర్వాత రొయ్యకి తెగులు వచ్చి ఆ సంబరం చప్పబడింది. నేను కాపురానికి వచ్చేసరికి పూల్‌లో మిరపకాయలు ఎండబెడుతున్నారు. ఆ తర్వాత పాత తలుపులు, చెరువు నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్ల విరిగిన రెక్కలు, పనికిరాని పైపులు చేరాయి. వానాకాలంలో ఆ చెత్త మీద నీళ్లు నిలిచి దోమలు పుట్టేవి. మా ఆయన ఫణీంద్ర ఏటా ఆ రోజుల్లో దీన్ని పూడ్చేసి కారు షెడ్డు వేద్దాం అనేవారు. నేను ఏటా సరే అనేదాన్ని. వానలు తగ్గాక ఇద్దరం మర్చిపోయేవాళ్లం.

రెండేళ్ల కిందట తొలకరి వాన పడ్డ సాయంత్రం వరండాలో కూర్చుని ఉంటే ఏదో వెలితిగా అనిపించింది. వాన పడింది, మట్టి వాసన వచ్చింది, కానీ ఒక్క కప్ప కూడా కూయలేదు. మా పుట్టిల్లు కొవ్వూరు దగ్గర. చిన్నప్పుడు తొలకరి పడిందంటే కప్పల గోలకి అన్నాల దగ్గర ఒకరి మాట ఒకరికి వినిపించేది కాదు. ఈ ఊళ్లో చుట్టూ కనుచూపు మేర నీళ్లే, అయినా కప్ప లేదు. ఇన్నేళ్లూ నేను ఆ సంగతి గమనించనైనా లేదు. అందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

కాకినాడలో ఉన్న మా అక్క కూతురు వినీలకి ఫోన్ చేశాను. ఆ పిల్ల పక్షుల మీద, కప్పల మీద ఏదో పరిశోధన చేస్తోంది. మీ చెరువుల్లో చేపా రొయ్యా తప్ప ఇంకేదీ బతకనివ్వరు కదా పిన్నీ, కప్ప గుడ్లు ఎక్కడ పెట్టుకుంటుంది అంది. అంతటితో ఊరుకోకుండా, మీ పెరట్లో అంత పెద్ద గుంట ఖాళీగా పెట్టుకుని కప్పల కోసం ఏడవడం ఏంటి, దాన్నే వాటికి ఇచ్చెయ్యి అంది. చేపలు వెయ్యకూడదు, మందులు పొయ్యకూడదు, మేత వెయ్యకూడదు. లోపల పడ్డ జీవి పైకి పాకడానికి ఒక పక్క వాలు ఉండాలి. నీటి మొక్కలు నాటి ఊరుకోవాలి. వింటే ఇంత తేలికా అనిపించింది.

మా ఆయన విని నవ్వారు. ఆయన ఫోన్లో మనిషి, పూటకి నలభై కాల్స్ వస్తాయి, ఇంటి సంగతులు ఆ మధ్య సందుల్లో చెప్పుకోవాలి. వచ్చే వానాకాలం దాకా చూస్తానన్నారు. అప్పటికీ అది దోమల గుంటే అయితే మట్టి తోలిస్తాననీ, నేను అడ్డు చెప్పకూడదనీ షరతు పెట్టారు. సరేనన్నాను. పని చేసే మనిషి ఎవరన్నది మాత్రం నాకు తెలియలేదు.

మనిషిని రాణి చూపించింది. రాణి మా వీధిలో చేపలు అమ్ముతుంది. స్టీలు బేసిన్ నెత్తిన పెట్టుకుని ఎనిమిదింటికల్లా వస్తుంది. ఒకరోజు బేసిన్ దించి, చేపల మాట ఎత్తకుండా మెట్టు మీద కూర్చుంది. తన మొగుణ్ణి చెరువు పని నుంచి మానిపించేశారట. లీజుదారు కుర్రాళ్లని పెట్టుకున్నాడు, వాళ్ల దగ్గర మీటర్లూ ఫోన్లూ ఉన్నాయి, ఇక నువ్వు విశ్రాంతి తీసుకో అన్నాడట. ఆ విశ్రాంతి మొదలైన దగ్గర్నుంచి మనిషి తిండి తినడం లేదు, మాట్లాడటం లేదు, గుమ్మంలో కూర్చుని రోడ్డు చూస్తున్నాడు.

"జీతం మాట కాదండి అమ్మగారు, నేను అమ్ముకొచ్చేది మా ఇద్దరికీ సరిపోద్ది. చూసుకోడానికి ఏవైనా నీళ్లు ఉంటే చాలండి. నీళ్లు లేక మనిషి ఎండిపోతన్నాడండి" అంది.

నా దగ్గర నీళ్లున్నాయి, రమ్మను అన్నాను.

రాముడు నర్సాపురం అవతల, గోదావరి సముద్రంలో కలిసే ఏటిమొగ దగ్గర పుట్టాడు. తండ్రికి చిన్న నావ ఉండేది. పంతొమ్మిదో ఏట మా మామగారి చెరువుల మీద కాపలాకి వచ్చాడు. గట్టు మీద తాటాకు పాకలో ఉంటూ పని నేర్చుకున్నాడు. చెయ్యి మోచేతి దాకా నీళ్లలో ముంచి అరచెయ్యి కనిపిస్తుందో లేదో చూసి చెరువు ఆరోగ్యం చెప్పేవాడు. తెల్లవారుజామున గట్టు మీద నడుస్తూ, నీటి వాసనని బట్టి ఇవాళ మేత తగ్గించాలి అనేవాడు. చెప్పినట్టే జరిగేది. రాముడి చెయ్యి పడ్డ చెరువు దెబ్బతినదని భీమవరం దాకా పేరు. మా మామగారు పోయాక ఆ చెరువులు లీజుకిచ్చాం, లీజుదారులు మారారు గానీ రాముడు మారలేదు.

అతని చదువంతా ఒక్క మాటలో చెప్పొచ్చు. చెరువులో పెంచేది ఒక్కటి బతకాలి, మిగతావన్నీ చావాలి. నీటికాకి దిగకుండా చెరువంతా దారాలు కట్టాలి. కొంగ కనిపిస్తే డబ్బా వాయించాలి. పాముని కొట్టాలి, పీతకి అడ్డం కట్టాలి, నత్తకి మందు వెయ్యాలి, జమ్ముని వేళ్లతో సహా పెరికెయ్యాలి. పంట తీశాక నీళ్లన్నీ తోడేసి, అడుగు బురద నెర్రెలిచ్చే దాకా ఎండగట్టి, మిగిలిన ప్రాణం ఏదైనా ఉంటే అదీ చచ్చేలా సున్నం చల్లాలి. అప్పుడు మళ్లీ కొత్త నీళ్లు. నలభై ఏళ్లు ఆ పని చేసిన మనిషిని పట్టుకుని నేను దానికి సరిగ్గా తలకిందుల పని అప్పగించాను. నాకు అప్పుడా ఆలోచనే రాలేదు.

మా మామగారు అతన్ని ఒరే అనేవారు. అరవైకి వచ్చిన మనిషిని మీరు అందామని నేను ఒకసారి నోరు తెరిస్తే, నేనేవైనా తప్పు చేశానా అమ్మగారూ అని కంగారుపడ్డాడు. ఇద్దరం నువ్వు దగ్గర రాజీపడ్డాం.

పని మాత్రం అద్భుతంగా మొదలుపెట్టాడు. చెత్తంతా తీయించాడు. అడుగున నీళ్లు పోయే కన్నం సిమెంటుతో బిగించాడు. లోతు తక్కువ ఉన్న కొసన పాత ఇటుకలు, రాళ్లు పేర్చి కప్పపిల్ల కూడా ఎక్కగలిగే వాలు కట్టాడు. రొయ్యల చెరువు గట్టు మట్టి తెచ్చి అడుగంతా అడుగున్నర మందాన పరిచాడు. మా బోరు నీళ్లు ఉప్పన, అందుకని పంట కాలువ నుంచి పైపు వేసి రెండు రోజులు పట్టాడు. మురుగు కాలువ గట్టు నుంచి కలువ దుంపలు, తుంగ, జమ్ము తెచ్చాడు. ఆ జమ్ము మొక్కల్ని చేత్తో పట్టుకుని ఒక్క నిమిషం అలాగే నిలబడ్డాడు. ఇన్నేళ్లూ పెరికిన చేతులతో నాటాలి మరి. నాటాడు.

వారం తిరిగేసరికి చూస్తే, చెరువైపోయిన ఆ పూల్ మీద ఈ కొస నుంచి ఆ కొసకి నైలాను దారాలు కట్టి ఉన్నాయి. పిట్టలు రాకుండానట. పిట్టలు రావడానికే కదా ఇదంతా అని కోయించాను. ఇంకో రోజు కర్ర పట్టుకుని నీరుకట్టు పాము వెంట పడుతుంటే ఆపాను. ఇంకో రోజు ఎవరూ చూడకుండా గుప్పెడు తవుడు చల్లుతుంటే పట్టుకున్నాను. చిన్నపిల్లాడు పంచదార డబ్బా దగ్గర దొరికినట్టు నిలబడ్డాడు. నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. కోపమే బయటపెట్టాను.

ఆ సాయంత్రం వెళ్లబోతూ ఆగి, చాలా రోజులుగా అడగాలనుకుంటున్న మాట అడిగాడు.

"పట్టుబడి ఎప్పుడండి అమ్మగారు?"

పట్టుబడి అంటే వల వేసి పంట తీయడం. పట్టుబడి లేదన్నాను.

"మరి ఇదంతా దేనికండి?"

"కప్పలు కూస్తాయని" అన్నాను.

కొంచెం సేపు ఆలోచించి, "ఆయ్" అన్నాడు. ఆ ఒక్క మాటలో మా జిల్లా మర్యాద అంతా ఉంది. ఈవిడకి మతి పోయిందన్న సంగతీ ఉంది.

ఆగస్టులో నీళ్లు పచ్చగా చిక్కబడ్డాయి. దోమలూ వచ్చాయి. మా ఆయన వరండాలో కూర్చుని, కుట్టినా కుట్టకపోయినా చేతి మీద చప్పుడయ్యేలా కొట్టుకునేవారు. రాముడు రోజూ చెయ్యి ముంచి అరచెయ్యి చూసుకుని దిగాలు పడేవాడు. చిన్న మందుంది, మూడు రోజుల్లో నీళ్లు అద్దంలా అవుతాయి అని బతిమాలేవాడు. వినీల ఫోన్లో వద్దంటే వద్దంది. ఆ పిల్ల మాట నేను అతనికి చేరవేస్తే, కంటితో చూడకుండా నీళ్లకి వైద్యం ఎలా చెప్తారండీ అని గొణిగేవాడు. నిజానికి నాకూ లోపల్లోపల భయంగానే ఉండేది.

వినాయకచవితి వెళ్లాక నీరు తనంతట తనే తేటపడింది. కలువ ఆకులు పరుచుకున్నాయి. తూనీగలు వచ్చాయి. వాటి పిల్లలు నీటి అడుగున దోమపిల్లల్ని తింటాయని వినీల చెబితే రాముడు నమ్మలేదు. గ్లాసులో రెండింటినీ వేసుకుని ఒక పూటంతా చూస్తూ కూర్చున్నాడు. తర్వాత వచ్చి, నిజవేనండి అన్నాడు. ఆ రోజు నుంచి అతని ధోరణి మారింది. పొద్దున్నే ఏడింటికి వచ్చి చెరువు చుట్టూ తిరిగి, వంటింటి కిటికీ దగ్గర నిలబడి వార్తలు చెప్పేవాడు. వాలు మీద నత్తలు గుడ్లు పెట్టాయి. నాలుగు బోదురు కప్పలు చేరాయి, రోజూ ఇంకా వస్తున్నాయి. లకుముకి పిట్ట వచ్చి తీగ మీద కూర్చుంది గానీ, చేప లేదని తెలుసుకుని తిట్టుకుంటూ పోయింది. జమ్ములో నీటికోడి దూరింది. రాణి కూడా మనిషి దారిలో పడ్డాడని చెప్పింది. రెండు పూటలా తింటున్నాడట, చెరువు కబుర్లతో తనని నిద్రపోనివ్వడం లేదట.

నేనూ సంతోషించాను. పట్టుబడి ఎప్పుడన్న మాట మళ్లీ రాలేదు గనక అతనికి అంతా అర్థమైపోయిందనుకున్నాను.

మార్చి దాటేసరికి ఎండలు ముదిరాయి. నీళ్లు సగానికి తగ్గి నల్లబడ్డాయి, కుళ్లిన ఆకుల వాసన మొదలైంది. రాముడి మొహంలో మళ్లీ పాత దిగులు కనిపించింది. అప్పుడే మా అక్కకి మోకాలి ఆపరేషన్ అయ్యింది. నేను సాయానికి కాకినాడ వెళ్లి పన్నెండు రోజులు ఉండిపోయాను. చెరువుని జాగ్రత్తగా చూసుకో రాముడూ అని చెప్పి మరీ వెళ్లాను.

తిరిగొచ్చి పెరట్లోకి వెళితే చెరువు లేదు. అడుగున ఎండిన బురద, దాని మీద నెర్రెలు. కలువలు మాడి నేలకి అంటుకుపోయాయి. జమ్ము పడిపోయింది. బురద మీద అక్కడక్కడ తెల్లటి పొర కనిపించింది, సున్నం కూడా చల్లాడనుకున్నాను. గట్టు మీద రాముడు నిలబడి ఉన్నాడు. ఎక్కడి నుంచో ఆయిలింజను మోసుకొచ్చి, తనే తోడి, తనే నాలుగు రోజులు ఎండలో నిలబడి బురద సర్దాడట. పండక్కి ఇల్లు కడిగి ముగ్గేసిన మనిషి మొహంలో ఉండే తృప్తి అతని మొహంలో ఉంది. అయ్యగారిని అడిగానండి, ఫోన్లో మాట్లాడుతూ తలూపారండి అన్నాడు.

నేను ఒంటికాలి మీద లేచాను. కాలువలు కట్టేశారు, జూన్ దాకా చుక్క నీరు రాదు. వానాకాలం మొదలయ్యేసరికి మా ఆయనకి నేను చూపించాల్సింది ఈ ఎండిపోయిన గోతినా. ఏమేం అన్నానో అన్నీ గుర్తు లేవు. ఒక్క మాట మాత్రం గుర్తుంది.

"ఏడాదిగా బతికిన చెరువుని చంపేశావు రాముడూ. ఇక నువ్వు రావద్దు."

అతని మొహంలో తృప్తి ఒక్కసారిగా పోలేదు. మొదట అయోమయం వచ్చింది, తర్వాత నెమ్మదిగా రంగు మారింది. చంపేశావన్న మాట అతన్ని ఎవరూ ఎప్పుడూ అని ఉండరు. "చెరువుకి మంచిదనేనండి" అన్నాడు. అంతకుమించి వాదించలేదు. తువ్వాలు దులుపుకుని, గేటు చప్పుడు కాకుండా వేసి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయన, ఎలాగూ ఎండింది కదా, పూడ్చేద్దామా అన్నారు. తోలించెయ్యండి అన్నాను. నా నోటితో నేనే అన్నాను. ట్రాక్టర్లన్నీ వేసవిలో చెరువు గట్ల పనిలో ఉంటాయి గనక జూన్ మొదటి వారానికి గానీ మట్టి రాదన్నారు. సరే, అప్పుడే అన్నాను.

వినీల ఫోన్ చేస్తే జరిగింది చెప్పాను. ఆ పిల్ల నాలాగా గొడవ చెయ్యలేదు. సున్నం వేశాడా అని అడిగింది. వేశాడనే చెప్పాను. అయితే కష్టం పిన్నీ, వెయ్యకపోయి ఉంటే ఏదో ఒకటి మిగిలేది అంది. నేను దిగి చూడలేదు. చూసే మనసు లేదు.

మే నెలలో మూడు వారాలు రాణి మా వీధికి రాలేదు. చివరి వారంలో వచ్చింది. నన్ను పల్లెత్తు మాట అనలేదు. అలవాటుగా చేప కోసి, కడిగి ఇచ్చింది. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. ఎలా ఉన్నాడని నేనే అడిగాను. గుమ్మంలోనే కూర్చుంటన్నాడండి అంది. పంపు దగ్గర బిందె పెట్టి, అది నిండి పొర్లిపోతున్నా కట్టకుండా చూస్తున్నాడట. పిలిపించాలని నా నాలుక చివరి దాకా వచ్చింది. కానీ అంత మాట అని వెళ్లగొట్టిన మనిషిని ఏ మొహం పెట్టుకుని పిలవను. అహం అడ్డం వచ్చింది, దానికి ఇంకో పేరు పెట్టను.

జూన్ ఐదున మూడు ట్రాక్టర్ల మట్టి గేటు పక్కన దించారు. మిగతాది మర్నాడు తెచ్చి, అంతా కలిపి తోసేస్తామన్నారు. మధ్యాహ్నం మూడింటికి ఆకాశం నల్లబడి వాన అందుకుంది. రెండు గంటలు ఎడతెరిపి లేకుండా కురిసి, ఆగింది. మేడ మీద నీళ్లన్నీ గొట్టం గుండా పూల్‌లోకి దిగాయి. మా ఆయన వరండాలో టీ తాగుతూ ఫోన్లో ఎవరితోనో బేరం మాట్లాడుతున్నారు. ఉన్నట్టుండి, ఏం వినపడటం లేదు గట్టిగా చెప్పు అన్నారు. మళ్లీ అదే అన్నారు. తర్వాత ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి పెరటి వైపు చూశారు.

వంటింట్లోంచి నేను అప్పటికే పరిగెడుతున్నాను. పూల్ అడుగున అడుగు లోతు నీళ్లు. వాటి నిండా బోదురు కప్పలు. పసుపు రాసినట్టు పచ్చగా ఉన్నాయి, దవడల పక్కన నీలం బుడగలు ఉబ్బుతున్నాయి. బురదలోంచి ఇంకా వస్తున్నాయి. మెత్తబడిన నెర్రె కదిలి, అందులోంచి ఒక తల, తర్వాత రెండు కాళ్లు. లెక్కపెట్టబోయి ఇరవై దగ్గర తప్పిపోయాను. పక్కనే మూతలు బిగించుకుని బురదలో కూరుకున్న నత్తలు మెల్లగా తెరుచుకుంటున్నాయి. ఆ గోలలో పక్కన నిలబడ్డ మా ఆయన మాట నాకు వినిపించలేదు. ఆయన రెండోసారి చెప్పలేదు కూడా. నాకు ఏడుపు వచ్చింది.

అప్పుడు తట్టింది. సున్నం పడిన బురదలో ఇవి ఎలా బతుకుతాయి. గట్టు అంచు కింద, వాన తడపని చోట తెల్లటి పొర ఇంకా కొంచెం మిగిలి ఉంటే వేలితో తీసి నాలుకకి రాసుకున్నాను. ఉప్పు. అడుగున పరిచింది రొయ్యల చెరువు గట్టు మట్టి కదా, ఎండితే ఉప్పు పొంగింది. సామాన్ల గదిలోకి వెళ్లి చూశాను. రెండు సున్నం బస్తాలు గోడకి ఆనించి ఉన్నాయి. ఒకదాని మూతి కుట్టు విప్పి ఉంది. నిండుగానే ఉంది.

నేను స్కూటీ తాళం తీసుకుంటుంటే మా ఆయన ట్రాక్టరు అతనితో మాట్లాడుతున్నారు. మట్టి తడిసిపోయిందిలే, ఇప్పుడు తోస్తే అంతా బురదే, తర్వాత చూద్దాం అంటున్నారు. మా ఇంట్లో తర్వాత చూద్దాం అన్నదేదీ ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

రాముడి ఇల్లు కాలువ గట్టు మీద. రాణి బయట గిన్నెలు తోముతోంది, అతను గుమ్మంలోనే ఉన్నాడు. నన్ను చూసి గబుక్కున లేచాడు. రాణి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. నేను కూర్చోలేదు.

"రాముడూ, సున్నం ఎందుకు చల్లలేదు?" అన్నాను.

అతను తల దించుకున్నాడు. ఇన్నాళ్ల తర్వాత ఆ తప్పు పట్టుకోవడానికి వచ్చాననుకున్నాడు.

"తప్పేనండి అమ్మగారు. పని సగంలో ఒదిలేశాను. బస్తా ఇప్పానండి, గుప్పెడు తీశాను కూడానండి. చేపల చెరువైతే చేప తప్ప అన్నీ చావాలి. రొయ్యల చెరువైతే రొయ్య తప్ప. దీంట్లో ఏది ఉంచి ఏది చంపాలో నాకు తెలీలేదండి. పొద్దుట్నించీ సాయంత్రం దాకా గట్టు మీద కూర్చుని ఆలోచించానండి. తెలీలేదు. మళ్లీ బస్తాలో పోసేశాను."

ఏడాదిపాటు నేనూ వినీలా కలిసి అతనికి చెప్పలేకపోయింది ఇదే. అతను మాత్రం తనంతట తనే గుప్పెడు సున్నంతో అక్కడి దాకా వెళ్లాడు. వెళ్లినవాణ్ణి నేను చంపేశావని తిట్టి పంపాను.

"నాదే తప్పు రాముడూ. నిన్ను అనరాని మాట అన్నాను. నువ్వు చంపలేదు, అన్నీ బతికే ఉన్నాయి. బోదురు కప్పలు వచ్చాయి, నేను లెక్కపెట్టలేకపోయాను" అన్నాను.

అతను రాణి వైపు చూశాడు. రాణి గిన్నె చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయింది. మట్టి తోలేస్తన్నారంట గదండీ అని మెల్లగా అడిగాడు. తోలరు అన్నాను. రేపటి నుంచి వచ్చెయ్యి అన్నాను.

"వచ్చి ఏం చెయ్యాలండి?"

"ఏమీ చెయ్యకూడదు."

మునుపైతే ఆయ్ అనేసి ఊరుకునేవాడు. ఈసారి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. చెరువుల మీద నలభై ఏళ్లు గడిపిన మనిషి మొహంతోనే చూశాడు.

"అలాగైతే రోజూ రావాలండి. మనిషి లేకపోతే ఎవరో ఒకరు వచ్చి ఏదో ఒకటి చేసేస్తారు."

రేపటి దాకా ఆగలేదు. దండెం మీద తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. స్కూటీ ఎక్కమంటే ఎక్కలేదు. నేనూ దాన్ని తోసుకుంటూ అతని పక్కనే నడిచాను.